ఆరుబయట మనిషి బొమ్మ: కూర్పు, ఫోకసు, వర్గదృష్టి

ఛాయాచిత్రాలు తీసేవారితో మాట్లాడితే రెండు వాదాలు వినిపిస్తాయి. కెమెరా యంత్రం గనుక దానికి పక్షపాతం లేదనీ, ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టి ఇస్తుందనీ ఒక వాదం. కాదు, అది కళ, అందులో కూర్పు ఉన్నది, వెలుగునీడల పొందిక ఉన్నది, అందమే దానికి ప్రమాణం అని రెండవ వాదం. ఇవి ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నట్టు కనిపించినా ఒక్క విషయంలో ఏకీభవిస్తాయి. బొమ్మ తీసేవాడు ఎక్కడ నిల్చున్నాడు, బొమ్మలోని మనిషి ఎవరి ఆజ్ఞతో నిల్చున్నాడు అనే ప్రశ్న రెండింటికీ అక్కర్లేదు.

ఆ ప్రశ్న వేయడానికి స్టూడియో కంటె ఆరుబయలు మంచి చోటు. స్టూడియోకు మనిషి డబ్బిచ్చి వచ్చి కూర్చుంటాడు. తనకు నచ్చిన చొక్కా తొడుక్కుంటాడు, నచ్చిన తెర ఎన్నుకుంటాడు. ఎంత బీదవాడైనా ఆ కాసేపు అతడు కొనుగోలుదారు. పొలంలోనో, రోడ్డు పనిలోనో, కరువు శిబిరంలోనో ఉన్న మనిషి సంగతి వేరు. అతని దగ్గరకు కెమెరా తనంతట తానే వస్తుంది. వచ్చినవాడికీ ఉన్నవాడికీ మధ్య గల సంబంధం బొమ్మలోకి దిగి తీరుతుంది. ఫోకసు ఎక్కడ పెట్టాడు, కెమెరా ఎంత ఎత్తున పట్టాడు, చట్రంలోంచి దేన్ని తప్పించాడు అనే సాంకేతిక విషయాలలోనే ఆ సంబంధం దొరుకుతుంది. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి. కావ్యంలో ఎవరికి పేరున్నది, ఎవరు 'పరిజనులు' అనే బహువచనంలో కలిసిపోయారు అని చూడడం నాకు అలవాటు. ఆ చూపుతోనే ఈ బొమ్మలను చూస్తున్నాను.

దీనికి కారణం మా వర్ని. ఇది నిజాంసాగర్ కాలువ కింది ఊరు. 1931లో మంజీర మీద ఆ ఆనకట్ట పూర్తయ్యాక ఈ ప్రాంతం మాగాణి అయింది. కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి భూములు కొని స్థిరపడ్డవి. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళలో కొన్నిటి పేర్ల చివర 'క్యాంపు' అనే మాట ఇప్పటికీ ఉన్నది. వానాకాలం నాట్లప్పుడు బాన్సువాడ రోడ్డు మీద పోయే ఎవరికైనా కనిపించేది నీళ్ళలో వంగిన ఆడవాళ్ళ వరుస. ఫోన్లు చేతికి వచ్చాక మా విద్యార్థులు ఆ వరుసను ఎన్నిసార్లు తీశారో లెక్కలేదు. ఆ బొమ్మలు వరుసపెట్టి చూస్తే ఒకటి కొట్టవచ్చినట్టు కనబడుతుంది. దాదాపు అన్నీ గట్టు మీది నుంచి తీసినవే. దాదాపు అన్నింటిలోనూ వీపులే. ఈ వీపులు ఎక్కడినుంచి వచ్చాయని వెతుక్కుంటూ పోతే నూట యాభై ఏళ్ళు వెనక్కి పోవలసి వచ్చింది.

ముందుగా, ఈ విద్యకు సూత్రాలు చెప్పినవారి సంగతి. ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ 1869లో ఛాయాచిత్రాల కూర్పు మీద ఒక పుస్తకం రాశాడు. బరువుల తూకం, త్రిభుజాకారపు అమరిక, వెలుతురుకు ఎదురుగా చీకటి – ఇవాళ ఫొటో పాఠాలలో చెప్పేవి చాలా వరకు అందులో ఉన్నవే. పల్లెటూరి దృశ్యాలంటే అతనికి చాలా ఇష్టం. పేచీ అంతా పల్లెటూరి మనుషులతోనే వచ్చింది. వాళ్ళకు నిలబడడం రాదట, చెప్పిన భావం ముఖంలో పలకదట. అందుచేత పల్లె పడుచుల దగ్గర పాత బట్టలు కొని, వాటిని చదువుకున్న దొరసానులకు తొడిగి బొమ్మలు తీశాడు. (మన సినిమాలలో నాట్లు వేసే కథానాయికను చూసినవారికి ఇది వింతగా తోచదు.)

దీన్ని ఎదిరించినవాడు పీటర్ హెన్రీ ఎమర్సన్. అతడు నార్‌ఫోక్ చిత్తడి నేలలలో రెల్లు కోసేవాళ్ళను, చేపలు పట్టేవాళ్ళను వాళ్ళ చోటనే తీశాడు. 1889లో వెలువడిన పుస్తకంలో ఫోకసును గురించి ఒక సిద్ధాంతం చేశాడు. మనిషి కన్ను ఒకసారి ఒకదాన్నే స్ఫుటంగా చూస్తుంది గనుక బొమ్మలో ముఖ్యమైనదాన్ని మాత్రమే స్ఫుటంగా ఉంచి, మిగతాదాన్ని కొద్దిగా మెత్తబరచాలన్నాడు. రెండేళ్ళు తిరక్కుండానే తన సిద్ధాంతాన్ని తానే ఉపసంహరించుకున్నాడు. అయినా అతడు తెరిచిన తలుపు మూతపడలేదు. ఫోకసు యంత్రం చేసే పని కాదు, మనిషి చేసే నిర్ణయం అని అతని వల్ల తేటపడింది. 'ముఖ్యమైనది' ఏదో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయించేవాడు ఎవడు?

మన దేశంలో ఆ నిర్ణయం మొదటినుంచీ సర్కారు చేతిలో ఉన్నది. 1851లో వచ్చిన తడి పలకల పద్ధతిలో గాజు మీద కొలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే, అంటే పది పదిహేను నిమిషాలలో, బొమ్మ తీసి కడిగివేయాలి. మన ఎండలో ఆ గడువు ఇంకా తక్కువ. చీకటి డేరా, గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, నీళ్ళు, ఇన్నిటినీ మోసే కూలీలు లేనిదే ఆరుబయట ఒక్క బొమ్మ కూడా రాదు. ఆ కూలీలు ఏ బొమ్మలోనూ ఉండరు. ఇంతకంటె ముఖ్యం, పలకకు వెలుతురు సోకే కాలం. కొన్ని సెకండ్లపాటు మనిషి కదలకుండా ఉండాలి. కదిలితే పొగలాగా చెరిగిపోతాడు. కాబట్టి ఆ కాలపు బొమ్మలలో పని చేస్తున్న పనివాడు స్ఫుటంగా రావడం అసాధ్యం. పని ఆపమని ఎవరో ఆజ్ఞాపించాలి, అతడు ఆపి నిల్చోవాలి. చేతిలో పార, భుజాన నాగలి పట్టుకొని బొమ్మలాగా నిల్చున్న 'వృత్తిదారు' ఆ ఆజ్ఞలోంచి పుట్టినవాడే.

ఇంకొక చిక్కు రంగుది. ఆ పలక నీలికాంతినే బాగా గ్రహించేది. ఎరుపుకూ గోధుమరంగుకూ దాదాపు గుడ్డిది. ఎండలో కమిలిన ముఖం ఉన్నదానికంటె నల్లగా, తెల్లపంచె ఉన్నదానికంటె తెల్లగా, ఆకాశం సున్నం కొట్టిన గోడలా వచ్చేవి. 1873లో ఫోగెల్ అనే జర్మన్ రసాయనవేత్త రంగులు కలిపి ఈ లోపం కొంత సవరించాడు. అన్ని రంగులనూ చూడగల పలకలు 1906లో గాని బజారుకు రాలేదు. ఆ తరవాత, రంగుల ఫిల్ముల కాలంలో కొడక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ముద్రణశాలలకు పంపిన కార్డు మీద ఉన్నదీ తెల్లజాతి స్త్రీ ముఖమే. దానికి 'షర్లీ కార్డు' అని పేరు. యంత్రానికి పక్షపాతం లేదనేవారు ఈ ముక్క గుర్తుంచుకుంటే మంచిది.

1857 తిరుగుబాటు తరవాత ఆంగ్లప్రభుత్వానికి తాను ఏలే ప్రజలెవరో తెలుసుకోవలసిన అవసరం కలిగింది. 1868 నుంచి 1875 వరకు వాట్సన్, కేయి అనే ఇద్దరి సంపాదకత్వంలో 'భారతదేశ ప్రజలు' అనే అర్థం వచ్చే పేరుతో ఎనిమిది సంపుటాలు వెలువడ్డవి. వాటిలో నాలుగువందలకు పైగా బొమ్మలున్నవి. ప్రతి బొమ్మ కింద కులమో తెగో ఉంటుంది, గుణగణాల వర్ణన ఉంటుంది. ఈ తెగ నమ్మదగినది, ఆ తెగ దొంగబుద్ధి గలది అని తీర్పులు కూడా ఉంటాయి. మనిషి అక్కడ మనిషి కాదు, నమూనా. నమూనాకు పేరు అక్కర్లేదు.

ఆ సంపుటాలకు బొమ్మలిచ్చినవారిలో విలొబి వాలెస్ హూపర్ ఒకడు, మద్రాసు సైన్యంలో అధికారి. ఇతని సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవలసి ఉన్నది. 1876–78 నాటి కరువును మనవాళ్ళు ధాత కరువు అంటారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో మాడిపోయినవి. లక్షలమంది చచ్చిపోతుంటే ధాన్యం ఎగుమతి ఆగలేదు. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనిలో కష్టపడే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ ఒక అణా చాలునని లెక్క కట్టాడు. ఆ కరువులో హూపర్ కెమెరా పట్టుకొని బయలుదేరాడు. ఎముకల గూళ్ళయిన ఆడవాళ్ళను, మగవాళ్ళను, పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి, నిల్చోబెట్టి తీశాడు. సాంకేతికంగా ఆ బొమ్మలకు వంక పెట్టలేము. కెమెరా ఎదురుగా నిటారుగా ఉన్నది. ముందువరుస, వెనుకవరుస రెండూ స్ఫుటంగా ఉన్నవి. ప్రక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. కూర్పు కూడా ఉన్నది: కూర్చున్నవాళ్ళు ముందు, నిల్చున్నవాళ్ళు వెనుక, పిల్లలు కాళ్ళ దగ్గర. పెళ్ళిళ్ళలో, బడులలో తీసే గుంపుబొమ్మల కూర్పే అది! ఆకలితో నిలబడలేనివాళ్ళకు ఆ కూర్పు నేర్పినది ఎవరు? కదలకుండా ఉండమన్నది ఎవరు? వాళ్ళ కెమెరావాడు బొమ్మ తీసుకొని వెళ్ళిపోయాడనీ, గంజి పోయించలేదనీ ఆ రోజులలోనే విమర్శ పుట్టింది.

ఆ బొమ్మలలో ఉన్నదంతా నిజమే. లేనిది కూడా చూడాలి. ఒక పౌను ధాన్యం కొలిచిన కొలపాత్ర లేదు, రేవులో ఓడకెక్కుతున్న బస్తాలు లేవు. ఆకలి ఉన్నది, ఆకలికి కారణం చట్రం బయట ఉన్నది. అతి స్ఫుటమైన బొమ్మ అతి పెద్ద విషయాన్ని దాచగలదని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ నాకు దొరకలేదు.

హూపర్ కథ అక్కడితో ఆగలేదు. 1886 జనవరిలో మాండలేలో, బర్మాను ఆక్రమించిన సైన్యంలో అతడు శిక్షలు అమలుచేయించే అధికారి. ఖైదీలను గోడవార నిల్చోబెట్టి కాల్చేటప్పుడు తుపాకులు పేలే క్షణం పలకమీద పడాలని, కెమెరా సిద్ధమయ్యేదాకా కాల్పులు నిలిపి ఉంచాడన్నది అభియోగం. ఇంగ్లండు పత్రికలు గగ్గోలు పెట్టినవి. విచారణ జరిగి మందలింపుతో సరిపెట్టారు. చచ్చిపోబోయే మనిషి ఫోకసు కోసం వేచి ఉండవలసి వచ్చిందన్నమాట.

నిజాం రాజ్యానికి వస్తే రాజా దీన్ దయాళ్‌ను తలచుకోకుండా ముందుకు పోలేము. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో నక్షాలు గీసే ఉద్యోగం చేస్తూ 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. 1880ల నడుమ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1905లో మరణించాడు. నేర్పులో అతడు ఏ తెల్లవాడికీ తీసిపోడు; భవనాలను, సేనలను, దర్బారులను అతడు చట్రంలో కుదిర్చిన తీరులో ఇంజనీరు కన్నూ చిత్రకారుని కన్నూ రెండూ ఉన్నవి. అతడు పాత కట్టడాలను తీసిన బొమ్మలలో అక్కడక్కడా ఒక మనిషి నిల్చుని ఉంటాడు. స్తంభం ఎంత ఎత్తో తెలియడానికి పెట్టిన మనిషి అతడు. ఆ కాలపు పురావస్తుశాఖవారు, ఇంజనీర్లు అందరూ పాటించిన పద్ధతే ఇది. మనిషి అక్కడ కొలబద్ద. నమూనా తరవాత మన పనివాడికి దక్కిన రెండో పదవి ఇది.

1902లో వైస్రాయి కర్జన్ ఓరుగల్లు జిల్లా నెక్కొండ దగ్గర వేటకు వచ్చాడు. దీన్ దయాళ్ స్టూడియో తీసిన ఆ బొమ్మ లోకప్రసిద్ధం. పాదాల ముందు చచ్చిన పులి, వెనుక దొరా దొరసానీ. పులి చారలూ స్ఫుటం, దొర బూట్లూ స్ఫుటం. పులి తనంతట తాను తుపాకీ ముందుకు రాదు. అరుపులతో, డప్పులతో అడవిని తోలేవాళ్ళుంటేనే అలాంటి వేటలు సాగేవి. వెట్టి అంటే ఏమిటో తెలిసిన తెలంగాణా పాఠకులకు ఆ తోలినవాళ్ళెవరో వివరించనక్కర్లేదు. కూర్పు దృష్టితో ఆ బొమ్మకు ఒక్క లోపం కూడా లేదు. వాళ్ళను చేర్చితే కూర్పు చెడుతుంది!

ఆ దీన్ దయాళే 1890ల చివర, 1900 ప్రాంతంలో నిజాం రాజ్యపు ఔరంగాబాదు వైపు కరువు సహాయపు పనులను కూడా తీశాడు. సర్కారు చేస్తున్న మంచిపనులు చూపించాలని తీయించిన బొమ్మలవి. హూపర్ బొమ్మలకూ వీటికీ తేడా ఉన్నది, ఇక్కడ సహాయం కూడా కనబడుతుంది. కాని బొమ్మకు కర్త సహాయం చేసేవాడే. ఆకలిగొన్నవాడు కర్మకారకం. దీన్ దయాళ్‌ను తప్పుపట్టడం కోసం ఇది చెప్పడం లేదు. జీతం ఇచ్చిన చేయి ఎటు చూపితే కెమెరా అటు తిరిగిందని మాత్రం చెప్పక తప్పదు.

పెద్ద కెమెరా చిన్నదయ్యేసరికి పరిస్థితి మారింది. 1925లో లైకా, 1929లో రోలీఫ్లెక్స్ బజారుకు వచ్చినవి. ఈ రెండవదాన్ని నడుము దగ్గర పట్టుకొని, తల వంచి, పైనున్న గాజులోకి చూడాలి. సాంకేతికంగా ఇది చిన్న మార్పు. కాని దాని ఫలితం చూడండి: కూర్చున్న మనిషిని పైనుంచి కిందికి చూడనక్కర్లేదు, నిల్చున్న మనిషిని కొంచెం కిందినుంచి పైకి చూడవచ్చు. తల వంచేది ఫొటో తీసేవాడు. సెకండులో వందోవంతు చాలు గనుక పని ఆపమనీ చెప్పనక్కర్లేదు. పనివాడు పని చేస్తూనే స్ఫుటంగా రావడానికి సాంకేతికమైన అడ్డు తొలగింది.

అడ్డు తొలగడం వేరు, ఆ దారిన నడవడం వేరు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము హతుడయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల అశాంతిని తెలుసుకోవడానికి హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుణ్ణి ఆదిలాబాదు పంపింది. మార్లవాయిలో వాళ్ళ మధ్య నివసించి తీసిన అతని బొమ్మలు లండన్‌లోని ప్రాచ్య విద్యాసంస్థలో భద్రంగా ఉన్నవి. 'భారతదేశ ప్రజలు' సంపుటాల కంటె ఇవి చాలా మానవీయమైనవి. దగ్గరగా నివసించినవాడి కన్ను వాటిలో తెలుస్తుంది. అయినా అది ప్రభుత్వం పంపిన కన్నే.

దారిన నడిచినవాడు సునీల్ జానా. 1918లో అస్సాంలో పుట్టి కలకత్తాలో చదువుకుంటున్న ఈ యువకుణ్ణి 1943 బెంగాల్ కరువులో కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషీ వెంటబెట్టుకొని తిరిగాడు. చిత్రకారుడు చిత్తప్రసాద్ కూడా ఆ ప్రయాణంలో ఉన్నాడు. జానా బొమ్మలు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్'లో పడ్డవి. అదే ఆకలి, అవే ఎముకలు. మరి హూపర్‌కూ ఇతనికీ భేదమేమిటని అడిగేవారుంటారు. సరైన ప్రశ్నే. చనిపోతున్నవాళ్ళ ముందు కెమెరా ఎత్తడం తనను ఎంత బాధించిందో జానా తరవాత చెప్పుకున్నాడు. కాని బాధ ఒక్కటే భేదమైతే అది బొమ్మ చూసేవాడికి తెలియదు. భేదం బొమ్మలోనే ఉన్నది. జానా మనుషులు వరుసలో కూర్చోబెట్టినవాళ్ళు కారు. రోడ్డు మీదనో, గంజికేంద్రం ముందరనో, ఏదో ఒక పని మధ్యలో ఉంటారు. ఒక ముఖం ముందుకొస్తుంది, దాని వెనుక జనం ఉంటారు. ఆ జనం మసకబారిపోరు. ఈ ఒక్క మనిషి దుఃఖం ఒక్కడిది కాదని వెనుకనున్న స్ఫుటత చెబుతుంది. దానికి తోడు ఆ బొమ్మలు అచ్చయిన పుటలోనే దొంగనిల్వల గురించీ, ధరల గురించీ రాతలున్నవి. హూపర్ చట్రంలోంచి తప్పించిన కారణాన్ని జానా బొమ్మ ప్రక్కన పత్రిక అచ్చువేసింది.

ఇక్కడ మనవాళ్ళ లోపం కూడా ఒకటి చెప్పాలి. కిందినుంచి పైకి తీసిన రైతు, వెనుక ఆకాశం, బిగించిన పిడికిలి – ఈ కూర్పు మొదట వచ్చినప్పుడు కొత్త మాట చెప్పింది. వీపుగా, కొలబద్దగా, నమూనాగా ఉన్న మనిషిని అది నిలబెట్టింది. తెలంగాణా పోరాటపు రోజుల నుంచి వచ్చిన, తుపాకులు పట్టిన స్త్రీల బొమ్మలు ఇవాళ చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. కాని ఆ కూర్పును పోస్టరు తరవాత పోస్టరుగా యాంత్రికంగా వాడేసరికి వెనుకనున్న పొలం పోయింది, పొలంలో ఉన్న తక్కినవాళ్ళు పోయారు, మిగిలింది ఆకాశం. ఆకాశంలో ఏ రైతూ దున్నడు. వీరుణ్ణి చేయడం కోసం మనిషిని నేల నుంచి వేరుచేయడం కూడా ఒక రకంగా అతణ్ణి చట్రం బయటికి నెట్టడమే.

ఇంకొక ప్రక్కన సెలూన్ ప్రదర్శనల సంప్రదాయం ఉన్నది. 'ఫిగర్ స్టడీ' అనే పేరు ఈ వర్గానిదే. మనిషి శరీరాన్ని రేఖగా, రూపంగా చూడడం దాని ఆశయం; అది తరచు నగ్నశరీరం. ఎదురు వెలుతురు, పొగమంచు, గోధూళి వీరి ప్రియమైన సామగ్రి. మా పొరుగుననే కోరుట్లలో 1939లో పుట్టిన బండి రాజన్‌బాబు హైదరాబాదులో రాజా త్రయంబక్ రాజ్ బహదూర్ దగ్గర నేర్చుకొని, ఈ సంప్రదాయంలో పెద్దపేరు తెచ్చుకున్నాడు. నగ్నచిత్రాలకూ గిరిజన చిత్రాలకూ ఆయన ప్రసిద్ధుడు. ఎందరికో ఆ విద్య నేర్పి 2011లో మరణించాడు. ఆయన వెలుతురును వాడిన తీరు నేర్చుకోదగినది. నా అభ్యంతరం వ్యక్తి మీద కాదు, ఈ సంప్రదాయపు అలవాటు మీద. జీతం తీసుకొని, ఏం జరుగుతున్నదో తెలిసి నిల్చున్న మోడల్ శరీరాన్ని రూపంగా చూడడం ఒక సంగతి. కట్టెలమోపుతో కొండ దిగుతున్న స్త్రీని అదే చూపుతో చూసి, మోపు బరువు సంగతి మరచి, నడుము వంపును మెచ్చుకోవడం మరొక సంగతి. బహుమతులు రెండవదానికే ఎక్కువగా వస్తాయి.

మన భాషలో ఒక చక్కని నుడికారం ఉన్నది. ఫొటో తీసేవాడు తీస్తాడు, తీయించుకునేవాడు ఫొటో 'దిగుతాడు'. అంటే అతడూ కర్తే. పెళ్ళిలో దిగుతాం, తీర్థంలో దిగుతాం. హూపర్ ముందు కూర్చున్నవాళ్ళు ఫొటో దిగలేదు. నెక్కొండ అడవిలో డప్పు కొట్టినవాళ్ళూ దిగలేదు. ఆరుబయటి మనిషి బొమ్మ చరిత్రనంతా ఈ ఒక్క క్రియాపదంతో కొలవవచ్చునని నాకు తోస్తుంది.

దీనిని పాత కథ అనుకోవడానికి వీల్లేదు. ఉపాధి హామీ పనులలో హాజరు కోసం 2021లో ఒక ఫోన్ పద్ధతి ప్రవేశపెట్టారు. 2022 మే నుంచి ఇరవైమంది లేక అంతకు మించి కూలీలున్న పనిస్థలాలకూ, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్నింటికీ దాన్ని తప్పనిసరి చేశారు. మేటు రోజుకు రెండుసార్లు కూలీలను నిల్చోబెట్టి, చోటూ వేళా నమోదయ్యే ఫొటో తీసి పంపవలసి వచ్చింది. పొద్దున పని ముగించినవాళ్ళు కూడా రెండో ఫొటో కోసం ఎండలో కాచుకోవలసి వచ్చింది. సిగ్నలు లేక ఫొటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి దక్కని సందర్భాలు దేశమంతటా బయటపడ్డవి. ఫొటోకు ఫొటో తీసి పంపుతున్నారనీ, సంబంధంలేని బొమ్మలు ఎక్కిస్తున్నారనీ 2025 జులైలో కేంద్రప్రభుత్వమే ఒక సర్క్యులరులో రాసింది. మన దేశ చరిత్రలో ఆరుబయట ఇన్ని మనిషి బొమ్మలు మరెప్పుడూ తీయలేదేమో! వాటి కూర్పు ఏమిటి? ముందువరుస కూర్చోవాలి, వెనుకవరుస నిల్చోవాలి, అందరి ముఖాలూ స్ఫుటంగా పడాలి, తవ్విన గుంత పడకపోయినా నష్టం లేదు. పనికి కూలి ఇచ్చేచోట ఫొటోలో పని లేదు.

విద్యార్థుల ఫోన్లలో మరొకటి జరుగుతున్నది. ఫోన్ కటకం చాలా చిన్నది గనుక స్వభావరీత్యా దగ్గరిదీ దూరానిదీ రెండూ స్ఫుటంగానే వస్తాయి. ఆ గుణాన్ని చెరిపి, ముఖం తప్ప వెనుకనున్నదంతా మసకగా చేసే 'పోర్ట్రెయిట్' మీట ఒకటి కంపెనీలు పెట్టినవి. పెద్ద కెమెరాలకు పెద్ద రంధ్రపు కటకాల వల్ల వచ్చే ఖరీదైన మసక అది. చూడడానికి సొగసుగానే ఉంటుంది. కాని నాటు వేసే మనిషిని లేచి నిల్చోమని, నవ్వమని, ఆ మీట నొక్కితే ఏం జరుగుతుంది? పొలం పచ్చని మరక అవుతుంది, తోటివాళ్ళు చుక్కలవుతారు. ఎమర్సన్ అడగమన్న ప్రశ్నను – ఇక్కడ ముఖ్యమైనది ఏది? – మనకు బదులు ఫోనే నిర్ణయిస్తున్నది.

నేను మా పిల్లలతో చెప్పేది ఇంతే. ఆ మీట నొక్కకండి. కెమెరా ఉన్నవాళ్ళు 35 మి.మీ. కటకంతో ఎఫ్/8 రంధ్రం పెట్టి, 5 మీటర్ల దగ్గర ఫోకసు చేస్తే రెండున్నర మీటర్ల నుంచి దిగంతం దాకా అన్నీ స్ఫుటంగా వస్తాయి. వీటికంటె ముందు చేయవలసింది, గట్టు దిగడం. నాటువేసేవాళ్ళు వంగి వెనక్కి నడుస్తారు. గట్టు మీది కెమెరాకు వీపులు తప్ప మరేమీ దొరకదు. మిట్టమధ్యాహ్నం వంగిన ముఖం నీడలో ఉంటుందని ఫొటో పుస్తకాలు అంటాయి. పుస్తకం రాసినవాడు నిండిన మడిలోకి దిగినట్టు లేదు. మడినీళ్ళు అద్దంలాగా ఎండను కిందినుంచి ముఖం మీదికి కొడతాయి. మోకాలిలోతు బురదలో దిగి, కెమెరాను నీటికి జానెడెత్తున పట్టి చూస్తే ఆ ముఖం వెలుగుతూ కనబడుతుంది. గట్టు మీద నిల్చున్నవాడికి ఆ వెలుతురు ఉన్నట్టే తెలియదు.

ముఖం స్ఫుటంగా పడడం ఎప్పుడూ మేలేనా అనే సందేహం మిగిలి ఉన్నది. 1871లో పారిస్ కమ్యూను వీరులు తమ అడ్డుగోడల మీద గర్వంగా ఫొటో దిగారు. కమ్యూను కూలిపోయాక పోలీసులు ఆ బొమ్మలు పట్టుకొని మనుషులను గుర్తుపట్టారు. తమంతట తాము దిగిన ఫొటోయే వాళ్ళను పట్టి ఇచ్చింది. కూలిరేటు కోసం పని ఆపిన ముఠాను తీస్తున్నప్పుడు ఇది మనకూ వర్తిస్తుంది. పత్రికలో ముఖం పడిన మనిషిని మరుసటి ఏడు పనిలోకి పిలవకపోవచ్చు. పేరు రాయాలా వద్దా, ముఖం చూపాలా వద్దా అనేది దిగేవాళ్ళే తేల్చవలసిన మాట. తీసేవాడి సౌందర్యదృష్టి తేల్చేది కాదు.

కిందటి వానాకాలం మా విద్యార్థిని ఒకతె వర్ని శివారులో మడిలోకి దిగి అడిగితే, ఆ ముఠాలో పెద్దామె, "నా మొకం రావద్దు బిడ్డా, చేతులు తీస్కో" అన్నది. ఆ బొమ్మ మా గోడపత్రికలో ఉన్నది. నారుకట్ట విప్పుతున్న రెండు చేతులు, వేళ్ళ సందుల్లో బురద. వెనుక వరుసలో వంగినవాళ్ళు ఎందరో లెక్కపెట్టుకోవచ్చు. అడుగున పేరు లేదు. కాలువకు నీళ్ళు వదిలిన తేదీ, ఆనాడు ఎకరం నాటుకు ముఠా అడిగిన రేటు, ఆసామి ఇచ్చిన రేటు రాసి ఉన్నవి.